రాజు నవ్వితే బతికిపోతారు: 'ద కింగ్ అండ్ ద క్లౌన్' దృశ్యాల్లో చరిత్ర ఎంత, కల్పన ఎంత?

కొరియన్ సినిమా 'ద కింగ్ అండ్ ద క్లౌన్' చూసి లేచినవాళ్లు దాదాపు అందరూ అడిగే ప్రశ్న ఒకటే: ఇదంతా నిజంగా జరిగిందా? ఆ రాజు ఉన్నాడా, ఆడవేషం కట్టే ఆ కుర్రాడు గోంగ్‌గిల్ ఉన్నాడా? ఈమధ్య ఓటీటీలో వచ్చిన ఒక కొరియన్ సీరియల్‌లో ఇదే రాజు పోలికలతో ఒక పాత్ర, గోంగ్‌గిల్ అన్న పేరుతోనే ఒక ఆటగాడు కనిపించేసరికి ఈ ప్రశ్న మళ్లీ మొదలైంది.

కొంత నిజం, కొంత కల్పన అని చెప్పి ఊరుకోవచ్చు. చారిత్రక సినిమా దేనికైనా ఆ మాట సరిపోతుంది. ఈ సినిమాలో మాత్రం ఆ రెండిటికీ మధ్య గీత ఎక్కడ పడిందో చూస్తే, జనం ఎందుకు దీన్ని ఇన్నేళ్లుగా గుండెకి హత్తుకున్నారో కూడా తెలుస్తుంది. అందుకే అభిమానులు మళ్లీ మళ్లీ చూసే దృశ్యాలనే పట్టుకుని వెళ్దాం. కథ చివరిదాకా చెప్పేస్తున్నాను కాబట్టి, చూడనివాళ్లు ముందు సినిమా చూసి రావడం మంచిది.

## ముందు పేర్ల చిక్కు విప్పుకుందాం

సినిమా 2005 డిసెంబర్ చివర్లో కొరియాలో విడుదలైంది. దర్శకుడు లీ జూన్ ఇక్. ఆడవేషం కట్టే గోంగ్‌గిల్‌గా అప్పటికి పెద్దగా ఎవరికీ తెలియని లీ జూన్ గి, అతని జతగాడు జాంగ్‌సెంగ్‌గా కామ్ వూ సంగ్, రాజుగా జంగ్ జిన్ యంగ్ నటించారు. పెద్ద బడ్జెట్ లేదు, పెద్ద తారలు లేరు. అయినా 1 కోటి 20 లక్షలకు పైగా టికెట్లు తెగాయి. అప్పట్లో దక్షిణ కొరియా జనాభా 5 కోట్లు కూడా లేదు.

కొరియన్ పేరు 'వాంగుయ్ నామ్జా'. అంటే 'రాజుగారి మనిషి'. ఇంగ్లీషు పేరులో 'క్లౌన్' అని పెట్టడంతో మనకి సర్కస్ జోకర్ గుర్తొస్తాడు. అసలు కొరియన్ మాట 'గ్వాంగ్‌డే'. తాడు మీద నడవడం, పిల్లిమొగ్గలు వేయడం, ముసుగు కట్టి ఆడటం, బొమ్మలాడించడం, ఎదుటివాడి మీద చమత్కారాలు విసరడం, ఇవన్నీ వచ్చినవాడు గ్వాంగ్‌డే. తెలుగులో ఒక్క మాట దొరకదు. సంస్కృత నాటకాల్లోని విదూషకుడు రాజుగారి స్నేహితుడు, బ్రాహ్మణుడు. గ్వాంగ్‌డేకి ఆ హోదా కలలో కూడా లేదు. మన పగటివేషగాళ్లనీ దొమ్మరాట ఆడేవాళ్లనీ కలిపి ఊహించుకుంటే కొంత దగ్గరకి వస్తాం. జోసన్ రాజ్యంలో, అంటే జోసన్ వంశం ఏలిన ఆనాటి కొరియాలో, సమాజపు మెట్లలో అట్టడుగున ఉన్నవాళ్లు వీళ్లు. ఊరూరా తిరిగి ఆడాలి, పెట్టింది తినాలి.

ఇక రాజు. అతను జోసన్ వంశంలో 10వ రాజు, 1494 నుంచి 1506 దాకా ఏలాడు. చరిత్రలో అతని పేరు యోన్‌సాన్‌గున్. ఈ 'గున్' అన్న తోక చూడండి. జోసన్ రాజులకి చనిపోయాక 'జో' అనో 'జొంగ్' అనో ముగిసే గౌరవ నామం ఇస్తారు. 'గున్' అంటే రాకుమారుడు మాత్రమే. గద్దె మీంచి దింపేశారు కనక, రాజుగా చేసిన పన్నెండేళ్లూ పోయి, పేరులో రాకుమారుడిగానే మిగిలిపోయాడు.

## రికార్డులో గోంగ్‌గిల్‌కి దక్కింది ఒక్క పేరా

జోసన్ ఆస్థానంలో ఏం జరిగినా రాసిపెట్టడానికి ప్రత్యేకంగా లేఖకులు ఉండేవాళ్లు. వాళ్ల రాతల ఆధారంగా ఒక్కో రాజు పాలనకీ ఒక వృత్తాంతం తయారయ్యేది. 'సిల్లోక్' అని పిలిచే ఆ గ్రంథరాశిని యునెస్కో 1997లో ప్రపంచ జ్ఞాపక పట్టికలో చేర్చింది. పదవి ఊడిన యోన్‌సాన్ వృత్తాంతానికి ఆ పేరు కూడా దక్కలేదు, దాన్ని 'ఇల్గి', అంటే దినచర్య అన్నారు.

అందులో, 1505వ చాంద్రమాన సంవత్సరం ఆఖరి నెల 29వ రోజు కింద, గోంగ్‌గిల్ కనిపిస్తాడు. ఆటగాడు గోంగ్‌గిల్ ముసలి పండితుడి వేషం కట్టి రాజు ముందు ఆడాడు. ప్రభువులవారు యావ్, షున్ లాంటి రాజులు, నేను గావ్ యావ్ లాంటి సేవకుణ్ణి అన్నాడు. యావ్, షున్ చైనా పురాణకాలపు ఆదర్శ రాజులు, గావ్ యావ్ వాళ్ల కొలువులో న్యాయమంత్రి. ఇంతవరకూ పొగడ్తే. ఆ వెంటనే, యావ్ షున్‌లు అన్ని కాలాల్లోనూ ఉండరు గానీ గావ్ యావ్ ఎప్పుడూ ఉంటాడు అన్నాడు. మంచి సేవకుడు ఎప్పుడైనా దొరుకుతాడు, మంచి రాజే అరుదు అని దానర్థం.

అక్కడితో ఆగలేదు. కన్ఫ్యూషియస్ సూక్తుల్లోంచి ఒక ఘట్టం వల్లించాడు: రాజు రాజులా ఉండాలి, సేవకుడు సేవకుడిలా ఉండాలి, తండ్రి తండ్రిలా, కొడుకు కొడుకులా ఉండాలి, రాజు రాజులా లేకపోతే ధాన్యం ఉన్నా నేను తినగలనా? చదువుకున్న ప్రతివాడికీ కంఠతా వచ్చిన మాటలే. కాకపోతే చెప్పింది ఒక ఆటగాడు, వింటున్నది యోన్‌సాన్. మర్యాద తప్పాడని కొట్టించి, దూర ప్రాంతానికి వెళ్లగొట్టారు.

రికార్డు చెప్పేది ఇంతే. గోంగ్‌గిల్ అందగాడని లేదు. ఆడవేషం కట్టాడని లేదు. రాజుకి ప్రియుడని లేదు. జాంగ్‌సెంగ్ అయితే ఆ పేరాలో లేనే లేడు, అతను పూర్తిగా కల్పిత పాత్ర. ఈ ఒక్క పేరా నుంచి నాటక రచయిత కిమ్ టే వూంగ్ 2000లో 'యీ' అనే రంగస్థల నాటకం రాశాడు, దాన్నుంచి సినిమా వచ్చింది. 'యీ' అంటే రాజు తనకి ఇష్టమైన సేవకుణ్ణి ఆదరంగా పిలిచే పిలుపు.

ఆ పేరా చదివిన దగ్గర్నుంచీ నాకు ఒకటి అనిపిస్తూ ఉంటుంది. అసలు గోంగ్‌గిల్ ఒక్కడే, సినిమా అతన్ని ఇద్దరిగా చీల్చింది. పేరునీ, రాజుగారి కళ్లెదుట నిలబడే స్థానాన్నీ లీ జూన్ గి పాత్రకి ఇచ్చింది. తలపోయినా సరే అనేసే ఆ నాలుకని మాత్రం జాంగ్‌సెంగ్‌కి ఇచ్చింది. అలా చీల్చాక, ఆ ఇద్దరూ ఒకరినొకరు వెతుక్కోవడమే కథ అయింది. ఇష్టమైన దృశ్యాలు ఇష్టమవడానికి మూలం అక్కడుంది.

## గుడ్డివాళ్ల ఆట: రెండు కర్రలు, ఒక కౌగిలి

మొదట ఆ చిన్న దృశ్యం. ముఠా నాయకుడు గోంగ్‌గిల్‌ని ఊళ్లోని పెద్దమనుషుల దగ్గరికి రాత్రిళ్లు పంపుతుంటే జాంగ్‌సెంగ్ అడ్డం తిరుగుతాడు. గొడవలో రక్తం చిందుతుంది, ఇద్దరూ పారిపోతారు. ఆకలి, భయం, వెనక ఎవరైనా వస్తున్నారేమోనన్న అనుమానం. ఆ స్థితిలో, చూసేవాడు ఒక్కడూ లేని చోట, ఇద్దరూ కళ్లు లేనివాళ్లలా కర్రలు తడుముకుంటూ ఆడటం మొదలుపెడతారు. నువ్వక్కడున్నావా, నేనిక్కడున్నాను అంటూ ఒకరినొకరు వెతుక్కుంటారు, పక్కనుంచే దాటిపోతారు, చివరికి తగిలి కౌగిలించుకుంటారు.

గ్వాంగ్‌డే డబ్బు కోసం ఆడతాడు, తిండి కోసం ఆడతాడు. ఇక్కడ ఆ రెండూ లేవు. సినిమా మొత్తంలో ఎవరి కోసమూ కాకుండా వాళ్లకోసం వాళ్లు ఆడుకున్న ఆట ఇది. తర్వాత జరగబోయేది తెలిసి రెండోసారి చూస్తే గొంతు పట్టేస్తుంది. మొదటిసారి అది సరదా ఆట మాత్రమే.

## తిట్టు ఎప్పుడు తిట్టు కాకుండా పోతుంది?

ఇద్దరూ రాజధాని హాన్యాంగ్ చేరతారు. ఇప్పటి సియోల్ అదే. అక్కడ ఇంకో ముగ్గురు ఆటగాళ్లతో కలిసి, రాజునీ అతని ప్రియురాలు నోక్సునీ ఎగతాళి చేస్తూ బజార్లో ఆట కడతారు. తోలుబొమ్మలాటలో కేతిగాడు, బంగారక్క వచ్చినప్పుడు ఎంత మోటు హాస్యం నడుస్తుందో తెలిసినవాళ్లకి ఈ ఆట కొత్తగా అనిపించదు. జనం విరగబడి నవ్వుతారు. రాజద్రోహమని పట్టుకెళ్లి కొరడాలతో కొడతారు.

అప్పుడు జాంగ్‌సెంగ్ ఒక వాదం తీస్తాడు. రాజుగారు చూడకుండానే ఇది అవమానమని మీరెలా అంటారు? చూసి ఆయన నవ్వితే అవమానం కానట్టే కదా? ముసలి కొజ్జా అధికారి ఛోసొన్ ఆ పందెం ఒప్పుకుంటాడు. నవ్వించలేకపోతే తలలు పోతాయి.

తర్వాతి దృశ్యం సినిమాకి వెన్నెముక. బజార్లో చెలరేగిన ముగ్గురూ సింహాసనం ముందు కొయ్యబారిపోతారు. మాట రాదు, కాళ్లు కదలవు. జాంగ్‌సెంగ్ ఒక్కడే గొంతు చించుకుంటాడు. రాజు ముఖంలో చలనం లేదు. ఆఖరి క్షణంలో గోంగ్‌గిల్ అప్పటికప్పుడు ఒక మోటు చమత్కారం అందుకుంటాడు. ఒక్క క్షణం నిశ్శబ్దం. రాజు పగలబడి నవ్వుతాడు. మంత్రులెవరూ నవ్వరు.

ఇది నమ్మదగ్గదేనా అని అడిగితే, సందర్భం వరకు నమ్మవచ్చు. సంవత్సరాంతంలో దుష్టశక్తుల్ని తరిమే 'నారే' అనే తంతు జోసన్ ఆస్థానంలో ఉండేది. ఆ సందర్భంలో ఆటగాళ్లు రాజు ముందు హాస్య నాటికలు ఆడేవాళ్లు. లంచగొండి అధికారుల మీద, ఊళ్లలో జరిగే అన్యాయాల మీద నాటికలు ఉండేవి. కోటలో కూర్చున్న రాజుకి బయటి సంగతి తెలిసే దారుల్లో అదొకటని భావించేవాళ్లు కూడా. అంటే ఎగతాళికి అనుమతి ఉండేది. దాని హద్దు ఎక్కడో మాత్రం ఎక్కడా రాసిలేదు. ఆ పూట రాజుగారి మనసే హద్దు.

ఇక్కడ సినిమా చరిత్రని తలకిందులు చేసింది. సినిమాలో బూతు ప్రాణం కాపాడుతుంది. రికార్డులో ధర్మశాస్త్రం లాంటి సూక్తి దెబ్బలు తినిపిస్తుంది. రెండూ పక్కపక్కన పెట్టి చూస్తే ఒకే రాజు కనిపిస్తాడు: అతనికి బూతు బాధ కలిగించదు, నీతి కలిగిస్తుంది.

## నాటకం మధ్యలో రాజు వేదిక ఎక్కితే

ఆటగాళ్లకి కోటలోనే బస దొరుకుతుంది. రెండో ప్రదర్శన లంచాలు తినే అధికారుల మీద. ఒక మంత్రి ముఖం పాలిపోతుంది. రాజు అది చూస్తాడు, అక్కడికక్కడే శిక్ష వేస్తాడు. వీళ్లు అప్పటిదాకా నవ్వించడానికి ఆడారు, ఇప్పుడు వాళ్ల ఆట ఒక మనిషి బతుకుని తీసేసింది. జాంగ్‌సెంగ్‌కి ఆ క్షణమే అక్కణ్ణుంచి వెళ్లిపోవాలనిపిస్తుంది.

మూడో ప్రదర్శన అర్థం కావాలంటే కొంచెం వెనక్కి వెళ్లాలి. యోన్‌సాన్ తల్లి యున్ రాణిని అతని తండ్రి 1479లో రాణి పదవి నుంచి తొలగించాడు, 1482లో విషం ఇప్పించి చంపించాడు. అప్పటికి యోన్‌సాన్ చిన్నపిల్లవాడు. ఈ సంగతి అతను రాజయ్యాక పెద్ద గాయంగా బయటపడింది. 1504లో, తల్లి మీద చాడీలు చెప్పారని తండ్రి ఉంపుడురాణులు జొంగ్, అమ్ ఇద్దరినీ చంపించాడు. తల్లి వ్యవహారంలో పాలు ఉన్న అధికారుల్ని వెతికి వెతికి శిక్షించాడు, చనిపోయినవాళ్ల సమాధుల్ని కూడా వదల్లేదు. నాయనమ్మ ఇన్సు రాణి ఆ ఏడే చనిపోయింది.

సినిమా ఈ ఏడాది మొత్తాన్ని ఒక్క ప్రదర్శనలోకి కుదించింది. చైనా నాటకాల ఫక్కీలో వేషాలు. గోంగ్‌గిల్ రాణి వేషం. కుట్రలు, నింద, చివర విషపు గిన్నె. రాణి తాగి కూలిపోగానే రాజు లేచి అమ్మా అంటూ వేదిక మీదకి వస్తాడు. అతనికి అక్కడ ఆటగాడు కనిపించడం లేదు. ఆ తర్వాత కత్తి దూసి, ప్రేక్షకుల్లో కూర్చున్న ఆ ఇద్దరు రాణుల్నీ నరుకుతాడు. నాయనమ్మ కుప్పకూలుతుంది.

చరిత్రలో ఈ హత్యలకీ నాటకానికీ సంబంధం లేదు. ఆ ముడి సినిమా వేసింది, వేసి చాలా లోతైన పని చేసింది. మొదటి ప్రదర్శనలో రాజు ప్రేక్షకుడు, రెండోదాంట్లో న్యాయాధికారి, మూడోదాంట్లో పాత్రధారి. ఈ మూడు మెట్లు గమనిస్తే తర్వాతి ఏకాంత దృశ్యాలకి కొత్త అర్థం వస్తుంది. రాత్రిళ్లు రాజు గోంగ్‌గిల్‌ని పిలిపించుకుని చేతిబొమ్మల ఆట చూస్తాడు, తానూ నీడబొమ్మలు ఆడించి అమ్మ లేని పిల్లవాడి కథ చెప్పుకుంటాడు. అన్నీ ఉన్నవాడికి లేనిది ఆడుకునే తోడు. జంగ్ జిన్ యంగ్ ఆ దృశ్యాల్లో క్రూరుడి ముఖంలోంచి ఒక పసివాణ్ణి బయటికి తెస్తాడు. ఎన్నిసార్లు చూసినా ఆ రాజు మీద కోపం పూర్తిగా నిలవనివ్వడు.

## గోడ మీద కాగితం, నోటి మీద నిషేధం

నోక్సు అసూయతో గోంగ్‌గిల్ చేతిరాతని అనుకరించి, రాజుని తిడుతూ కొరియన్ లిపిలో కాగితాలు అతికించేలా చేస్తుంది. రాత తనదేనని జాంగ్‌సెంగ్ నేరం నెత్తిన వేసుకుంటాడు. ఇది పూర్తిగా సినిమా మలుపులా అనిపిస్తుంది గానీ, దీని వెనక నిజం ఉంది. 1504లో రాజుని నిందిస్తూ కొరియన్ లిపిలో ఆకాశరామన్న ఉత్తరాలు బయటపడ్డాయి. యోన్‌సాన్ ఆ లిపి నేర్పడం, నేర్చుకోవడం, వాడటం నిషేధించాడు, ఆ లిపి వచ్చినవాళ్ల చేతిరాతలు తెప్పించి పోల్చి చూడమన్నాడు. ఆ లిపిని తయారు చేయించిన సెజోంగ్ ఇతని పూర్వీకుడే. పండితులు చైనా అక్షరాల్లో రాసుకునే కాలంలో, సామాన్యుడికి అందిన అక్షరం అది. అందుకే భయపడ్డాడు.

ఛోసొన్ కూడా చరిత్రలో ఉన్నవాడే. ఎందరో రాజుల్ని కొలిచిన కొజ్జా అధికారి కిమ్ ఛోసొన్. సినిమాలో రాజుకి లోకం చూపించాలనే ఆటగాళ్లని కోటలోకి తెచ్చి, ఆ ప్రయత్నం నెత్తుటితో ముగిశాక ఉరిపోసుకుంటాడు. చరిత్రలో అతని చావు ఇంకా ఘోరం. 1505లో రాజుకి ముఖం మీదే హితవు చెబితే యోన్‌సాన్ తన చేతులతోనే చంపాడు. అంతటితో కోపం చల్లారక, అతని పేరులోని 'ఛో' అనే అక్షరం ఎవరూ వాడకూడదన్నాడు. దానివల్ల 'ఛోయోంగ్' అనే ప్రసిద్ధ ముసుగు నృత్యానికి కూడా పేరు మార్చాల్సి వచ్చింది.

ఇలాంటివి చదువుతున్నప్పుడు ఒక జాగ్రత్త అవసరం. ఈ వృత్తాంతం రాయించింది అతన్ని దింపినవాళ్లు. 1506లో తిరుగుబాటు చేసి తమ్ముణ్ణి గద్దెనెక్కించాక, ఆ కొత్త రాజు కాలంలో సంకలనం చేశారు. తిరుగుబాటు న్యాయమే అనిపించాలంటే పాత రాజు ఎంత దుర్మార్గుడైతే అంత మంచిది. కాబట్టి అతని భోగాల గురించిన వివరాల్లో అతిశయోక్తి ఉండవచ్చని వాదించేవాళ్లున్నారు. మరోపక్క, రోజువారీ రాతలు రాజు కూడా చూడకూడదన్న కట్టుబాటు ఉన్న వ్యవస్థ అది, లేఖకుల నిజాయితీని పూర్తిగా తీసిపారేయలేం అనేవాళ్లూ ఉన్నారు. హత్యలు, దండనలు కల్పితాలని మాత్రం రెండు పక్షాలూ అనవు. తగవంతా ఆ మనిషి ఎందుకలా అయ్యాడన్నదాని మీదే. సినిమా ఆ తగవులో తల్లి వైపు నిలబడింది.

## ఇది ప్రేమకథా?

ఎక్కువ వాదన జరిగేది ఇక్కడే. నిద్రపోతున్న గోంగ్‌గిల్‌ని రాజు ముద్దు పెట్టుకుంటాడు. జాంగ్‌సెంగ్ అతని కోసం ప్రాణాలకి తెగిస్తాడు. ఇది ముగ్గురు మగవాళ్ల మధ్య ప్రేమకథేనని, అంత పెద్ద ప్రేక్షక సమూహం దాన్ని ఆదరించడం కొరియా సినిమాలో పెద్ద మలుపని ఒక వర్గం అంటుంది. ప్రేమ అన్న మాట నోటితో అనకుండా సినిమా తప్పించుకుందని, అందుకే అంతమందికి ఇబ్బంది లేకుండా నచ్చిందని ఇంకొందరి విమర్శ. మూడో వాదన ప్రకారం ఆ బంధానికి మనం ఇప్పుడు వాడే పేర్లు పెట్టనక్కర్లేదు. మగవాళ్లే ఉండే సంచార ముఠాల్లో చిన్నవాళ్లు ఆడవేషం కట్టడం, వాళ్లని డబ్బున్నవాళ్లు వాడుకోవడం కొరియాలో ఉన్నదేనని, సినిమా చూపించింది ఆ దోపిడీని, దానికి ఎదురు నిలిచిన సాహచర్యాన్ని అని వీళ్లంటారు. ఆ ముఠాల గురించి మనకి తెలిసినదంతా దాదాపు జోసన్ చివరి శతాబ్దాలది. సినిమా దాన్ని 16వ శతాబ్దం మొదటికి జరిపింది.

మూల నాటకంలో కథకి కేంద్రం గోంగ్‌గిల్, రాజుగారి ఆదరణ అతనికి ఏం చేసిందన్నది. సినిమా కేంద్రాన్ని జాంగ్‌సెంగ్ వైపు జరిపింది. దాంతో గోంగ్‌గిల్ మనసు మనకి సగమే తెలుస్తుంది. రాజు మీద అతనికి ఉన్నది జాలా, ఇష్టమా, భయమా? నేను మొదట్లో దాన్ని లోపం అనుకున్నాను. ఇప్పుడు అనుకోవడం లేదు. అట్టడుగు మనిషిని రాజు పిలిస్తే కాదనే హక్కు అతనికి లేదు. ఆ హక్కు లేనివాడి ముఖంలో ఇష్టాన్నీ భయాన్నీ విడదీసి చదవడం మనవల్ల కాదు, బహుశా అతనివల్ల కూడా కాదు.

## తాడు మీద ఆఖరి మాటలు

కొరియా తాడునడకలో ఒక ప్రత్యేకత ఉంది. 'జుల్తాగి' అని పిలిచే ఈ కళని యునెస్కో 2011లో తన పట్టికలో చేర్చింది. తాడు మీద నడిచేవాడు ఊరికే నడవడు, కింద నిలబడిన జతగాడితో మాటకి మాట విసురుకుంటూ, పాడుతూ, నవ్విస్తూ నడుస్తాడు. పైవాడి మాటకి కిందివాడి బదులు లేకపోతే ఆట లేదు. సినిమా మొదలయ్యేది ఇలాంటి ఆటతోనే.

చివర్లో జాంగ్‌సెంగ్ మళ్లీ తాడెక్కుతాడు. అప్పటికి అతని కళ్లు కాల్చేశారు. కోట ఆవరణలో, రాజు ముందు, చేతిలో విసనకర్రతో అడుగులు వేస్తూ తన కథ తానే చెప్పుకుంటాడు. కళ్లు పోకముందే తాను గుడ్డివాణ్ణంటాడు. చిన్నప్పుడు ఆటగాళ్లని చూసి వాళ్ల తాళానికి కళ్లు పోయాయి, ఒక జతగాడితో ఆడే ఆనందానికి పోయాయి, హాన్యాంగ్‌లో జనం విసిరే డబ్బులకి పోయాయి, అందుకే చూడాల్సింది చూడలేకపోయానంటాడు. గుడ్డివాళ్ల ఆటలో చేతికర్ర తడుముకుంటూ నువ్వక్కడున్నావా అని అడిగింది ఇతనే. ఇప్పుడు ఆట కాదు.

కింద నుంచి బదులు వస్తుంది. గోంగ్‌గిల్ కూడా తాడెక్కుతాడు. మళ్లీ పుడితే ఏమవుతావు, పెద్దమనిషివా, రాజువా అని ప్రశ్న. ఏదీ వద్దు, మళ్లీ గ్వాంగ్‌డేనే అని జవాబు. అదే సమయానికి తిరుగుబాటుదారులు కోట తలుపులు బద్దలుకొట్టుకుని వస్తుంటారు. చరిత్రలో 1506 తిరుగుబాటు ఇదే. యోన్‌సాన్‌ని గ్యోడాంగ్ దీవికి పంపారు, రెండు నెలలు తిరక్కుండానే అక్కడ చనిపోయాడు. నోక్సుని చంపేశారు. సినిమా ఇవేవీ చూపించదు. రాజు, నోక్సు తాడు వైపే చూస్తూ కూర్చుంటారు, ఆ ఇద్దరూ ఒక్కసారిగా గాల్లోకి ఎగురుతారు, బొమ్మ అక్కడ ఆగిపోతుంది.

అయితే ఆ తర్వాత ఇంకో చిన్న దృశ్యం ఉంది, తొందరపడి లేచిపోయినవాళ్లు దాన్ని కోల్పోతారు. పొలాల మధ్య దారి. ముఠా అంతా డప్పులు కొట్టుకుంటూ, ఒకరినొకరు ఆటపట్టించుకుంటూ నడుస్తూ ఉంటుంది. హాన్యాంగ్‌లో కలిసిన ముగ్గురు ఆటగాళ్లలో ఒకడు, అంతకుముందు వేటలో బాణం తగిలి చచ్చిపోయిన యుక్‌గప్, వాళ్లలో ఉన్నాడు. జాంగ్‌సెంగ్ కళ్లు బాగానే ఉన్నాయి. పక్కన గోంగ్‌గిల్.